తొమ్మిది దొప్పల బుర్ర

నా చిన్నప్పుడు, బస్తరు ఇంకా రాజుల ఏలుబడిలో ఉండగా, శబరి ఒడ్డున మా పల్లెలో మా అమ్మమ్మకు ఒక సొరబుర్ర ఉండేది. ఎండిన సొరకాయను తొలిచి చేసిన నీళ్ల బుర్ర అది. పొలానికి పోయినా, అడవికి పోయినా ఆమె భుజాన వేలాడేది. చేతులు తగిలి తగిలి మెడ దగ్గర నల్లగా నిగనిగలాడేది. పొట్ట మీద మూడు పగుళ్లు. మూడింటినీ గుగ్గిలం కరిగించి పూడ్చింది. మెడకు అడ్డతీగ నార పద్నాలుగు చుట్లు. మా ఊళ్లో బడి లేదు. చింతగింజలు పేర్చుకుంటూ నా అంతట నేనే లెక్క నేర్చుకున్నాను. ఆ మురిపెంలో కంటికి కనిపించినదల్లా లెక్కపెట్టేదాన్ని.

ఒక వేసవి మొదట్లో, ఎక్కడో లోపలి అడవి ఊరి నుంచి ఒకామె మా వారపు అంగడికి కొత్త బుర్రలు తెచ్చింది. ఆమె చంకలో ఏడాది పిల్ల ఉంది. అమ్మమ్మ ఉప్పు తీసుకుంటూ తన బుర్రను నా చేతికిచ్చింది. నేను దాన్ని మోసుకుంటూ కొత్త బుర్రల దగ్గరికి పోయాను. పసుపుపచ్చగా మెరుస్తున్న ఒకటి సరిగ్గా మా దానంతే కనిపించింది. కానీ ఉత్త కంటిచూపును నేను నమ్మేదాన్ని కాదు. ఆకుదొప్పతో మా బుర్రలోని నీళ్లు దానిలోకి కొలిచి పోశాను. తొమ్మిది దొప్పలకు మాది ఖాళీ అయింది, అది నిండింది.

దీనికి అది ఇస్తావా అని అడిగాను. ఆమె మా బుర్ర మూతి వాసన చూసి, నా ముఖం చూసింది.

“మీ ఇంట్లోళ్లను అడిగినవా పిల్లా?”

“మా అమ్మమ్మకే గద తీస్కుంటున్న!”

ఆమె పాతదాన్ని తన పక్కకు జరుపుకుంది. అన్నే నీళ్లు పట్టేది, ఒక్క పగులైనా లేనిది తెచ్చానని నేను పొంగిపోయాను. ఇంటిదారిలో అమ్మమ్మకు లెక్క మొత్తం అప్పజెప్పాను. ఆమె కొత్తదాన్ని చేతిలోకి తీసుకుంది, మూతి దగ్గర ముక్కు పెట్టింది. “సరే బిడ్డా. రేపు ఇప్పపువ్వుకు ఇదే పట్టుకరా” అంది, అంతే.

మర్నాడు తెల్లవారకముందే అడవికి పోయాం. పువ్వు ఏరి గంపలు నింపేసరికి ఎండ నెత్తికెక్కింది. గొంతు ఆరిపోయి బుర్ర ఎత్తాను. నోట్లో పడిన మొదటి గుక్కనే ఉమ్మేశాను. వేపచెక్క నమిలినా అంత చేదు ఉండదు.

“ఏందే, ఉమ్ముతున్నవు? తొమ్మిది దొప్పలున్నయి గద. నాకొద్దు తల్లీ, అన్నీ నువ్వే తాగు!” అని అమ్మమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత ఎండిన వాగులో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్లు నాకు దోసిలితో తాగించింది.

అప్పుడు చెప్పింది. బుర్రలకు పనికొచ్చేది చేదు సొరేనట. రోజూ నీళ్లు నింపి, మర్నాడు పారబోసి, నెలల తరబడి ఆ చేదును దించాలట. తన బుర్ర చేదును ఆమె తల్లి ఒక వానాకాలమంతా కూర్చుని దించి, పెళ్లయి ఈ ఊరికి వచ్చేటప్పుడు కూతురి భుజాన తగిలించి పంపిందట. కోపం లేకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. నన్ను రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండునని అనిపించింది.

ఎట్లాగైనా దాన్ని వెనక్కి తేవాలని మళ్లీ అంగడి వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆ రోజు కొత్త బుర్రను ఎత్తుకుని అమ్మమ్మ వెంట పోతే బుర్రలు అమ్మే ఆమె అక్కడే కనిపించింది. ఒళ్లో పిల్లకు జ్వరం. మా బుర్రతోనే దాని నోట్లో చుక్కచుక్కగా నీళ్లు పోస్తోంది. అమ్మమ్మను చూడగానే ఆమె తల దించుకుంది.

“తీస్కో అవ్వా. నీ పిల్ల తెల్వక ఇచ్చింది. నేను తెల్సే తీస్కున్న” అంటూ బుర్ర చాచింది.

అమ్మమ్మ దాన్ని అందుకుంది. నా గుండె కుదుటపడింది. అమ్మమ్మ బుర్ర మెడ మీద వదులైన నారను విప్పింది, మళ్లీ బిగించి చుట్టింది, ముడి వేసింది.

“మీ ఊరికి ఎంత నడక?”

“రెండు పొద్దులు, అవ్వా.”

“దారిల నీళ్లు ఏడుంటయి? ఉండనీ. పిల్లకు తాపు” అని తిరిగి ఆమె ఒళ్లో పెట్టింది. నా చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా నడిచింది. నేను మాత్రం అంగడి దాటేదాకా వెనక్కే చూశాను.

కొత్త బుర్ర చేదు దించే పని నాదైంది. పారబోసిన రోజుకొక చింతగింజ దాచాను. డెబ్బై రెండో గింజ నాడు అమ్మమ్మ ఒక గుక్క పుక్కిలించి మింగింది. ఆ వెంటే రెండో గుక్క తాగింది.

ఆ బుర్ర ఇవాళ్టికీ నాతోనే ఉంది. ఇంట్లో ఇత్తడి చెంబులున్నాయి, రేకు డబ్బాలున్నాయి. పొలానికి మాత్రం దీన్నే తీసుకుపోతాను. దీనిలో నీళ్లు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటాయి. మెడ పట్టుకోగానే నా వేళ్లు వాటి చోట అవే కుదురుకుంటాయి. దారిన పోయేవాళ్లు దాహమంటే నాకంటే ముందు వాళ్లకే ఇస్తాను. అయితే అది తిరిగి నా చేతికి వచ్చేదాకా చూపు తిప్పను. అమ్మమ్మలా ఇచ్చేసి నడిచిపోవడం నాకు ఇంకా రాలేదు.