డాక్టరుగారి ఆప్రికాట్ చెట్టు

మేము విదేశంలో, మిల్టన్‌లో ఉన్నప్పుడు పక్కింట్లో రిటైరైన గుండె డాక్టరుగారొకరు ఉండేవారు. పెరట్లో ఆయన పెంచే ఆప్రికాట్ చెట్టు ఎలా ఉందని అడిగితే, అప్పుడే స్టెతస్కోపు చెవుల్లోంచి తీసినంత గంభీరంగా, "పేషెంట్ స్టేబుల్," అనేవారు. పేషెంటుకు మాత్రం తొందరెక్కువ. మంచు పూర్తిగా కరగకముందే పూసేది. వెంటనే మళ్ళీ చలి ముదిరి పూతంతా మాడిపోయేది. ఏటా ఇదే వరస.

మేము ఇల్లు మారే ముందు వచ్చిన వసంతంలో ఆయన పంతం పట్టారు. చలికి తేనెటీగలు రావడం లేదని, పెయింటు బ్రష్షుతో పువ్వు పువ్వుకూ తానే పుప్పొడి అద్దారు. ఆ సాయంత్రమే చలి హెచ్చరిక వచ్చింది. ఇంట్లో ఉన్న రజాయిలన్నీ తెచ్చి చెట్టుకు కప్పారు.

"మరి నేనేం కప్పుకోవాలండీ?" అని వాళ్ళావిడ, ఆంటీ, గుమ్మంలోంచి అడిగారు.

"నీకు హీటర్ ఉంది కదా. చెట్టుకేముంది పాపం?"

ఆంటీ వింటర్ జాకెట్ వేసుకుని పడుకున్నారు. పూత నిలిచింది, కాయలు కాశాయి. ఉడతలు తినేస్తాయన్న భయంతో ఆయన పండకముందే కోసేసి, మమ్మల్ని భోజనానికి పిలిచి, తలా ఒక ముక్క ప్రసాదంలా పెట్టారు. పళ్ళు జివ్వుమన్నాయి.

"బ్రహ్మాండంగా ఉంది అంకుల్," అన్నాం, మర్యాదస్తులం కదా.

ఆంటీ ఒక్కరే "వట్టి పులుపు" అని, మిగిలిన కాయలన్నీ పట్టుకెళ్ళి తరిగి పప్పులో వేసేశారు. డాక్టరుగారి ముఖం పాలిపోయింది. కాసేపటికి వేడన్నంలో ఆ పప్పు కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. మళ్ళీ వడ్డించుకున్నారు. గిన్నె అడుగు గరిటెతో గీకుతూ మా వైపు తిరిగారు.

"అందుకే పచ్చిగా కోశాను. ఈ వెరైటీ పప్పు కోసమే పెంచుతారు."

ఆంటీ నవ్వకుండా ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేశారు.