ఆముదం పూసిన లారీ అద్దం

1952 మే. డోన్ జంక్షన్.
హాజరైనవారు: సుబేదారు, లారీ డ్రైవరు హవల్దారు, నర్సింగ్ ఆర్డర్లీ, బావుల్లో మందు పేల్చే శాపర్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

రైలు దిగేసరికి తెల్లవారుతోంది. ప్లాట్‌ఫారం బండలు అప్పటికే వెచ్చబడ్డాయి. కరువు సంవత్సరం. ఎండిపోయిన బావులను లోతు చెయ్యడానికి మమ్మల్ని పంపారు. స్టేషనుకు కాస్త దూరంలో గుడారాలు వేశాం. మూడు టన్నుల లారీ ఒకటి, అందులో వైర్‌లెస్ సెట్టు, దాని జోడీ సుబేదారు దగ్గర. మందు పెట్టెలు, సమ్మెటలు, గడ్డపారలు. మనిషికి రోజుకు రెండు సీసాల నీళ్లు. తాగినా, గడ్డం గీసుకున్నా అందులోంచే.

ఈ రోజుల్లో కారులో మీట నొక్కితే అద్దం మీద నీళ్లు చిమ్ముతాయి. ఆ డబ్బాలో ఏం పొయ్యాలని మా వీధిలో కారు కొన్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. నేను చెప్పేదంతా ఆ వేసవిలో నేర్చుకున్నదే.

మా లారీకి అలాంటి ఏర్పాటు లేదు. ఒకే పలక అద్దం. దాన్ని తెరిచే మరలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. చేత్తో తిప్పే వైపరు, దాని రబ్బరు సగం అరిగింది. డ్రైవరుది గఢ్వాల్. మంచు కొండల్లో బండి నడిపినవాడు. అక్కడ నీళ్లలో స్పిరిట్ కలిపి అద్దం తుడుస్తారట, లేకపోతే నీళ్లు గడ్డ కడతాయట. ఇక్కడా అదే చేశాడు. గుడ్డ ఆనేలోపే స్పిరిట్ ఆరిపోయింది, మురికి ఉన్నచోటే ఉంది. తర్వాత బావి నీళ్లు వాడాడు. ఆరగానే సున్నం కొట్టినట్టు తెల్లటి చారలు. కిరసనాయిలు పెట్టి తుడిస్తే అద్దం అరమైలు దాకా మెరిసింది. ఆపైన దుమ్మంతా దానికే అంటుకుంది. చివరికి ఒక పద్ధతికి వచ్చాం. పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే, పొడి గుడ్డతో దుమ్ము దులపాలి. కాచి తేర్చిన నీళ్లు కొంచెం చల్లి తుడవాలి. వాన నీళ్లు దొరికితే ఇంకా మంచిది. మాకు వాన ఎక్కడిది?

మాకు అప్పగించిన ఊరు తూర్పున, బేతంచెర్ల దారిలో కొండల మధ్య ఉంది. అక్కడి బావిలో నాలుగో రోజు మధ్యాహ్నం నీళ్లు పడ్డాయి. ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు ముందుగా లారీ దగ్గరికి వచ్చారు. ఆముదంలో పసుపు కలిపి ముందు రేకుకూ అద్దానికీ చేతులతో పూశారు. దానిమీద వరసగా కుంకుమ బొట్లు. అందరికంటే హుషారుగా పూసినామె సుంకమ్మ. ఆమె భర్త మద్దిలేటి మాతోపాటు బావిలో రాళ్లు ఎత్తేవాడు.

"ఏమప్పా, మిలిటరీ! తెలుగు మాట్లాడతాండావే, యా ఊరు?"

"కడప జిల్లా అక్కా, కమలాపురం తట్టు."

"అయితే ఇను. ఈ బొట్టు తుడిస్తివంటే మిగిలిందంతా నీ మొగానికే పూస్తాం!"

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఊరు దాటేదాకా అద్దం ముట్టుకోవద్దని సుబేదారు చెప్పాడు.

గంట గడవలేదు. మందు పేలుడుకు వదులైన బావి పక్క గోడ ఒక్కసారిగా విరిగిపడింది. లోపల ముగ్గురున్నారు. ఇద్దరు తప్పించుకున్నారు. బండ మద్దిలేటి తొడ మీద పడింది. తాళ్లు కట్టి పైకి లాగాం. ఆర్డర్లీ తొడ పైన బిగించి కట్టు కట్టి, సుబేదారు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"డోన్ ఆసుపత్రికి. ఇప్పుడే," అన్నాడు సుబేదారు.

వెనక మద్దిలేటి, ఆర్డర్లీ. ముందు డ్రైవరు, నేను, మా ఇద్దరి మధ్య సుంకమ్మ. ఆమె చేతిలో ఒక మగ్గు నీళ్లు పెట్టాను. తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

డోన్ పడమర. పొద్దు సరిగ్గా ఎదురుగా ఉంది. ఎండ ఆముదం మీద పడి అద్దమంతా పచ్చగా మండుతోంది. దాని మీద దుమ్ము పేరుకుంటోంది. దారికి ఎడమ పక్క లోయ.

"తుడువు," అన్నాడు డ్రైవరు.

నేను కదల్లేదు.

"నీకే చెప్పేది."

ఆమెకు అర్థం కాని హిందుస్తానీలోనే చెప్పాను. "అది ఈమె పెట్టిన కుంకుమ, హవల్దార్‌జీ. భర్త వెనక ఆ స్థితిలో ఉన్నాడు."

అతనికీ తన ఊళ్లో భార్య ఉంది. మళ్లీ అడగలేదు. తల బయటికి పెట్టి నడిపాడు. కళ్లలో దుమ్ము పడి నీళ్లు కారుతున్నాయి. ఒక మలుపులో ఎద్దుల బండి ఎదురైంది. కేక విన్నాం కానీ బండి కనిపించలేదు. బ్రేకు పడింది. దిగి చూస్తే ముందు చక్రం లోయ అంచుకు జానెడు దూరంలో ఉంది.

వైర్‌లెస్ గరగరమంది. సుబేదారు గొంతు. "ఎక్కడున్నారు?"

"దారిలో సాబ్. ఏమీ కనపడ్డం లేదు," అన్నాడు డ్రైవరు.

వెనక నుంచి ఆర్డర్లీ అరిచాడు. "ఆపొద్దు! కట్టు తడిసిపోతోంది!"

"బండి యాల నిలబడిండాది?" అంది సుంకమ్మ.

"అద్దంలోంచి దారి కనపడ్డం లేదక్కా."

ఆమె అద్దం వైపు చూసింది.

"మేం పూసిందేనా?"

తల ఊపాను.

"మరి తుడవకుండా ఏం చూస్తాండావప్పా?"

"నువ్వు పెట్టిన బొట్టు గదక్కా. ఇట్లాంటప్పుడు..."

ఆమె దిగింది. చీర చెంగుతో ఒకసారి రుద్దింది. ఆముదం ఇంకా పరుచుకుంది. స్పిరిట్ ఆముదాన్ని కరిగిస్తుంది. ఆర్డర్లీని అడిగాను. సీసా అడుగున ఉన్నది గాయానికే చాలదన్నాడు. అతని దగ్గరున్న నీళ్లు మద్దిలేటి గొంతు తడపడానికి. నా సీసా, డ్రైవరు సీసా అప్పటికే ఖాళీ.

నా సంచిలో కుంకుడుకాయలున్నాయి. శనివారం తలంట్లకని అమ్మ కట్టిచ్చింది. బయటికి తీశాను.

"మిలిటరీలో తలంట్లు గూడా పోసుకుంటారా!" అంది. కాయలు నా చేతిలోంచి లాక్కుని రాయి మీద చితక్కొట్టింది. గింజలు ఏరి పారేసి, నా అన్నం డబ్బాలో వేసింది. తన మగ్గులో నీళ్లు అందులో పోసి నురుగు వచ్చేదాకా పిసికింది.

"అక్కా, అవి తాగే నీళ్లు. పొద్దుట్నుంచి నువ్వేం తాగలేదు."

"పండుకున్న ఆయప్ప కండ్లు మూసుకున్నా జరుగుతాది. తోలే ఆయప్పకు కండ్లు గావల్ల."

నేను డబ్బా తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"జరుగు. నేను పెట్టినా, నేనే తీస్తా. దేవుడు అడిగితే నన్ను అడుగుతాడులే."

బంపరు మీదికి ఎక్కింది. నురుగు అద్దం మీద పోసి అరచేత్తో రుద్దింది. ముందు పసుపు కదిలింది. తర్వాత కుంకుమ. ఎర్రటి నురుగు రేకు మీదుగా కారి మట్టిలో పడింది. లోపల కూర్చున్న డ్రైవరు తల వంచుకున్నాడు. ఆమె ఏడవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏం అనుకుంటోందో నాకు వినపడలేదు. అద్దం ఆరకముందే పొడి గుడ్డతో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు లాగి తుడిచింది. చార లేదు, మరక లేదు. నూనె అంటిన అద్దానికి ఇంతకంటే మంచి మందు నాకు ఇప్పటికీ తెలియదు. పలచగా కలపాలి, గుడ్డలో వడకట్టాలి, అద్దం మీద ఆరనివ్వకూడదు. అంతే.

దారి కనిపించింది. డ్రైవరు ఎక్కడా ఆపలేదు. డోన్‌లో దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రి వాకిట్లో ఉన్నాం. మద్దిలేటిని లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆ ఊరికి తిరిగి వెళ్లాలని ఉత్తరువు. ఆరు కాబోతుండగా ఆర్డర్లీ బయటికి వచ్చి నాతో చెప్పాడు. మనిషి బతికాడు. కాలు తీసేశారు. ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పవలసింది నేనే.

ఆమె లారీ ముందు చక్రానికి వీపు ఆనించి నిద్రపోతోంది. రాత్రంతా మేలుకుని అప్పుడే కన్ను మూసిందట. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు కానీ ఇంజన్ జోలికి పోలేదు.

వైర్‌లెస్ పలికింది. "ఆరు దాటింది. ఇంకా బయల్దేరలేదేం?"

"ఇంజన్ వేడిగా ఉంది సాబ్. చల్లారనిస్తున్నా," అన్నాడు డ్రైవరు.

రాత్రంతా ఆపి ఉంచిన ఇంజన్ అది. ఆ సంగతి అవతల సుబేదారుకూ తెలుసు. "సరే. చల్లారాకే రండి," అన్నాడు.

ఎండ మొహం మీద పడి ఆమె లేచింది. నన్ను చూసింది. ఒక్క మాటే అడిగింది.

"ఉండాడా?"

"ఉండాడక్కా. కాలు ఒకటి పోయినాది. మనిషి ఉండాడు."

తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీళ్లుంటే ఇయ్యప్పా."

నా సీసా ఇచ్చాను. తల వెనక్కి వాల్చి, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా, సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది. నెల తర్వాత సెలవు మీద కమలాపురం వెళ్లాను. ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను, చాలా చూశాను. ఆ గొంతులో నీళ్లు దిగిన చప్పుడు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది.