ఈశాన్యానికి ఎక్కని నీళ్లు

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్ చుట్టూ ఉన్న జొన్నచేలు చూస్తూ చూస్తూ కాలనీలైపోయాయి. మా కాలనీ మీదుగా విమానాలు ఎంత కిందుగా పోయేవంటే, ఆ గాలికి డాబా మీద ఆరేసిన చీరలు అరగంట ముందే ఆరిపోయేవి. ఒకసారి కిటికీ పక్కన కూర్చున్నాయన నన్ను చూసి చెయ్యి ఊపితే, నేను చాయ్ గ్లాసు ఎత్తి చూపించాను. నమ్మకపోతే మీ ఇష్టం. మా కాలనీలోనూ ఎవరూ నమ్మలేదు.

ఆ నమ్మకపోవడమే ఒక ఏడాది కొంప ముంచబోయింది. నాది కాదు, అక్కది.

అక్క అంటే తోడబుట్టింది కాదు, కాటేదాన్‌లో బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగు చేసే ఆవిడ. ప్లాటు కోసం వచ్చిన రోజున దగ్గరుండి చూపించింది నేనే. "ఇది ఎత్తు జాగ అక్కా. హిమాయత్ సాగర్ పొంగి ఈడిదాక వచ్చినా నీ గడప తడవదు" అన్నాను. మాట గొప్పగా తోచింది, అనేశాను. నిజానికి కాలనీ మొత్తంలో అంతకంటే పల్లం లేదు. నా చిన్నప్పుడు అక్కడ ఒర్రె పారేది. వానొస్తే పైచేల నీళ్లన్నీ ఆ చిన్న పాయలోంచే కుంటలోకి పోయేవి. ప్లాట్లు చేసినవాళ్లు దాన్ని మట్టితో పూడ్చారు.

మొదటి వానకే అక్క ముందుగదిలో మోకాలి లోతు నీళ్లు. చెప్పులు తేలాయి, చేట తేలింది, ఖాళీ గ్యాస్ సిలిండరు తేలింది. సాయంత్రం చాయ్ హోటల్లో నేను చెప్పేసరికి సిలిండరు కాస్తా బర్రె అయింది, దాని మీద అక్క కూర్చుని ఉంది.

మూడు వానాకాలాలు అలాగే గడిచాక పంచాయతీ వాళ్లు వాననీటికి మోరీ కట్టడానికి ఒప్పుకున్నారు. కొలతలు తీయడానికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. మా కాలనీ ప్రెసిడెంటు గారు బ్యాంకులో చేసి రిటైరైన కోస్తా పెద్దమనిషి. ఆయన అప్పటికే రంగు పెన్సిళ్లతో ప్లాను గీసి పెట్టారు. మోరీ నేరుగా ఈశాన్యం వైపు పోతోంది.

"సార్, ఈశాన్యం దిక్కు నాలుగడుగులు ఎత్తున్నది. నీళ్లు నైరుతికే పోతయి" అంది ఇంజినీరమ్మ.

"నైరుతిలోకి నీళ్లు వదిలితే కాలనీ వృద్ధిలోకి రాదమ్మా. వాస్తు ఒప్పుకోదు. కాస్త లోతుగా తవ్వించండి, సరిపోతుంది."

"అట్ల తవ్వుకుంట పోతే ఆ కొసకు మోరీ కాదు సార్, బాయి అయితది. అదీ బండ పగిలితేనే."

అయినా ఆదివారం మీటింగులో చేతులన్నీ ఈశాన్యం వైపే లేచాయి. ఇల్లు కట్టేటప్పుడు సంపు దగ్గర్నుంచి మెట్ల దాకా వాస్తు చూసుకున్నవాళ్లు, మోరీ దగ్గర ఎందుకు తగ్గుతారు? ఆ తీర్మానం అలాగే పోతే మోరీ ఉండీ అక్క ఇల్లు మునుగుతుంది. నేను లేచి నిలబడ్డాను.

"అక్క ఇంటి పక్కనుంచి ఒర్రె పోతుండె. నా కండ్లతోని చూసిన. మోరీ ఆడనే రావాలె."

"ఒర్రెల మొసళ్లు గిట్ట ఉండెనా అన్నా?" అన్నారెవరో. హాలంతా ఒకటే నవ్వు. తప్పు నాదే, అంతకుముందు వారమే ఆ కుంటలో పట్టిన చేప పడవంత ఉందని చెప్పాను.

ఇక వేరే దారి లేదు. "ప్లాటు జూపిచ్చిన్నాడు అక్కకు అబద్ధం చెప్పిన. ఎత్తు జాగ అన్న. ఒర్రె సంగతి దాచిన" అన్నాను. నవ్వు టక్కున ఆగింది. నా జన్మలో నేను చెప్పింది జనం నమ్మడం అదే మొదటిసారి.

అక్క మాత్రం తాపీగా కొంగు సర్దుకుంది. "నాకు మొదటి వానకే ఎర్కయింది తమ్మీ. నీ నోట్లకెళ్లి ఎప్పుడొస్తదా అని చూస్తున్న" అని, ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. "సారూ, రేపు పొద్దుగాల నా ఇంటికి నీళ్ల ట్యాంకరు వస్తది. తీస్కపోయి మీ ఈశాన్యంలనే విప్పుదాం. ఎటు పోతయో నీళ్లనే అడుగుదాం."

మర్నాడు ట్యాంకరు పైపు విప్పగానే నీళ్లు క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగి పరుగందుకున్నాయి. వాటి వెనక మేము. బతుకమ్మను సాగనంపడానికి కూడా మా కాలనీ అంత సందడిగా కదల్లేదు. "ఇటు మలుగుతయి!", "కాదు, అటు!" అని అరుపులు, పందేలు. ప్రెసిడెంటు గారు లుంగీ ఎగ్గట్టి అందరికంటే ముందు, "ఆగండి, ఆగండి" అని నీళ్లను బతిమాలుతూ. ఆగలేదు. మూడు మలుపులు తిరిగి తిన్నగా అక్క గేటు కిందనుంచి లోపలికి వెళ్లాయి.

అక్క గేటు బార్లా తెరిచింది. "రాండ్రి సారూ, చాయ్ తాగుతురు. నీళ్లు మీకంటె ముందే వచ్చినయ్."

ప్రెసిడెంటు గారు తడిసిన చెప్పుల్ని చూసుకుని ముందు నవ్వారు. ఆ తర్వాత మేమంతా కడుపులు పట్టుకుని నవ్వాం. చాయ్ తాగుతుండగా ఇంజినీరమ్మే దారి చెప్పింది: ఈశాన్యం మూలన ఒక ఇంకుడు గుంత, మోరీ మాత్రం అక్క ఇంటి పక్కనుంచి కుంటలోకి. గుంతకు కొబ్బరికాయ కొట్టించే షరతు మీద ఆయన ఒప్పుకున్నారు.

మరుసటి ఏడాది మొదటి పెద్దవాన పగలే కురిసింది. గొడుగులేసుకుని అందరం మోరీ చూడ్డానికి వెళ్లాం. నీళ్లు గట్టు దాటకుండా గలగలమని పోతున్నాయి. అక్క గడప పొడిగా ఉంది. ఆమె నన్ను లోపలికి పిలిచి, ఫ్రిజ్ కింద ఇన్నేళ్లుగా పెట్టిన ఇటుకలు తీయమంది. వాన తగ్గాక కూడా కాదు, అప్పుడే, ఆ వానలోనే. నేను ఫ్రిజ్‌ను ఒక పక్కకు ఎత్తి పట్టుకుంటే ఆమె ఒక్కో ఇటుకా లాగింది.

"జర గట్టిగ పట్టు తమ్మీ. రేపు హోటల్ల ఏన్గును లేపిన అని చెప్తవు నాకెర్కే."

చెప్పలేదు. రెండేనుగులని చెప్పాను.