భూదేవి కొట్టి చూసిన బండి

ఇంట్లో ఎవరికైనా కోపం వస్తే ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు. కామాఠీపురా పదో గల్లీలోని వరుస గదుల మా చాల్‌లో మాత్రం భూదేవికి కోపం వస్తే మేం తలుపులు తెరుచుకుంటాం. ఆమె తిట్లు వినసొంపుగా ఉంటాయి. తినేది మనం కాకపోతే మరీను. పోయిన వేసవిలో మాత్రం ఆ తిట్లు నేనూ తిన్నాను. తినవలసిన పనే చేశాను.

భూదేవికి యాభై మూడేళ్లు. తాతల నాడు పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చిన కుటుంబం. ఇప్పుడు ఆమెకో మిల్లర్ ఉంది, కంకర, ఇసుక, సిమెంటు వేసి తిప్పే యంత్రం. చాల్ ముందు గోడవారగా, తార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంటుంది. దానికి నాలుగు చక్రాలున్నాయి గాని తనంతట తాను కదలదు. స్లాబు ఎక్కడుంటే అక్కడికి ఏదో ఒక బండి వెనుక కట్టి లాక్కుపోవాలి.

మొదట ఆ పని ఆమె భర్త బక్కయ్య చూసేవాడు. అయిదేళ్ల క్రితం ఒక టెంపోవాడు కొక్కెం లేదని తాడుతో కట్టాడు. గ్రాంట్ రోడ్ వంతెన ఎక్కుతుండగా తాడు తెగింది. మిల్లర్ వెనక్కి దొర్లి బక్కయ్య కుడి పాదం మీద నుంచి పోయింది. అప్పటి నుంచి బక్కయ్య ఇంట్లో వంట చేస్తున్నాడు, భూదేవి స్లాబులు పోస్తున్నది. ఆయన చేతి చాయ్ ఆమె చేతి చాయ్ కన్నా బాగుంటుందని నేను ఒకసారి పైకే అన్నాను. అదీ నాకు తిట్లు తెచ్చిన మాటే. కాని ఈ కథ దాని గురించి కాదు.

పోయిన మే నెలలో అద్దె టెంపోవాడు మూడు స్లాబులకు మూడుసార్లు ఆలస్యంగా వచ్చాడు. మూడోసారి ఏకంగా తొమ్మిదిన్నరకు వచ్చాడు. అప్పటిదాకా పదకొండు మంది కూలీలు ఇసుక కుప్ప మీద కూర్చుని ఎండను చూస్తున్నారు. వాళ్ల మేస్త్రి మొగులయ్య నెమ్మదైన మనిషి. ఆ సాయంత్రం చాల్‌కు వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, నీతోని మాకు పంచాయితీ లేదు. కానీ పోరగాండ్లు వింటలేరు. శుక్రవారం నాగ్‌పాడా స్లాబుకు ఏడు గంటలకు మిల్లర్ రాకుంటే, మేం దాదర్ కంట్రాక్టర్ తాన పోతం. పోతే మల్ల రాం."

"కూసో, చాయ్ తాగు" అంది భూదేవి.

"కూసోను అక్కా. కూసుంటే నీ మాట వినాల్సొస్తది."

అతను వెళ్లాక భూదేవి టెంపోవాడికి ఫోన్ చేసింది. ఆ సంభాషణ రెండో అంతస్తు దాకా వినిపించింది. చివరికి, "నీ టెంపో వద్దు, నువ్వద్దు. నా గాడీ నేనే కొంట" అని ఫోన్ పెట్టేసింది. మంచి కూలీల ముఠా ఒకసారి చెయ్యి జారితే మళ్లీ దొరకదని ఆమెకు తెలుసు. ముఠా లేకపోతే ఆ మిల్లర్ తార్పాలిన్ కిందే తుప్పు పడుతుంది.

మరునాటికల్లా బంటీ వాలాడు. మా చాల్ పిల్లాడే, ముప్పై ఏళ్లుంటాయి, పాత బండ్లు చేతులు మారుస్తుంటాడు. నాగ్‌పాడాలో ఒక గ్యారేజీ ముందు ఏడు సీట్ల తెల్ల ఎస్‌యూవీ ఉందట. డీజిల్‌ది. మిల్లర్ ఏంటి, ఇల్లు కట్టినా లాగుతుందట. భూదేవి నన్ను తోడు రమ్మంది. నేను ఇరవై ఆరేళ్లు టాక్సీ నడిపినవాణ్ణి. ఇంకెవరిని పిలుస్తుంది అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సంచిలో నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు, కుంకుమ పెట్టుకున్నాను. మా వాళ్లు స్లాబు రోజున మైసమ్మను తలచుకుని మిల్లర్‌కు పసుపు పూసి, నిమ్మకాయలు కట్టకుండా ఒక్క చుట్టు తిప్పరు. బండి కుదిరితే చేతిలో సామాను ఉండాలి కదా అని నా ముందుచూపు.

బుధవారం పొద్దున వెళ్లాం. బండి తళతళలాడుతున్నది. మీటరు మీద రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు.

"మామా, నంబర్ చూసి భయపడకు" అన్నాడు బంటీ నాతో. "అంతా పూణే రోడ్డు మీద తిరిగింది. హైవే గాడీ. ఇంజన్ ఏక్‌దమ్ మక్కన్, వెన్న లెక్క."

"మక్కనే ఉంటది" అన్నాను నేను. "నా టాక్సీ అయిదు లక్షలు తిరిగింది."

"అదీ. తెలిసినోళ్లకు చెప్పక్కర లేదు. క్లచ్ కొత్తది మామా. వెనక కొక్కెం మొన్ననే వేయించిన."

"కొక్కెం దేనికి వేయించినవ్?" అని అడిగింది భూదేవి.

బంటీ జవాబు నాకు చెప్పాడు. "ఛాసిస్‌కే వెల్డింగ్ కొట్టిచ్చిన మామా."

"ఛాసిస్‌కు తుప్పు ఉన్నదా?" అని మళ్లీ ఆమే అడిగింది.

"తుప్పు ఎక్కడిది మామా, కొత్త పెయింట్."

భూదేవి అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు నాకు వస్తున్నది. నేను తల ఊపి పుచ్చుకుంటున్నాను. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నన్ను నిపుణుడిలా చూస్తున్నాడు. ఆ సుఖంలో నాకు ఆమె ముఖం చూడాలని తోచలేదు.

"కొనేది నేను" అంది భూదేవి. గొంతు పెద్దది చేయలేదు. "నువ్వు మాట్లాడేది ఆయనతోని. ఆయనకు లైసెన్స్ ఉన్నది, నాకు కండ్లున్నయి."

అని చీర కొంగు నడుముకు చుట్టి, సంచిలోంచి తాపీ తీసి, బండి వెనక కిందికి దూరింది.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. ఇంజన్ బాగుంది, శబ్దం విన్నాను. బండి కుదిరినట్టే అనుకున్నాను. ఆమె బయటికి వచ్చేసరికి సంతోషపడుతుందని బానెట్ మీద పసుపు పూశాను, మూడు కుంకుమ బొట్లు పెట్టాను, ముందు జాలీకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాను. బంటీ అది చూసి ఎప్పుడు పంపాడో మనిషిని, పాలకోవా పేడాల డబ్బా వచ్చింది. గ్యారేజీవాళ్లు, దారిన పోయేవాళ్లు తలా ఒకటి తీసుకుని నాకు అభినందనలు చెప్పారు. నేనూ ఒకటి తిన్నాను.

అప్పుడు కింద నుంచి వినిపించింది. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఆమె తాపీ పిడితో కొట్టి చూస్తున్నది. గోడకు ప్లాస్టరు పట్టిందో, లోపల బోలుగా ఉందో మా మేస్త్రులు అలాగే చూస్తారు. ఠంగ్. ఠంగ్. తర్వాత, దబ్.

మళ్లీ దబ్.

తాపీతో గీకుతున్న చప్పుడు. ఆమె బయటికి వచ్చింది. ముఖం మీద ఎర్రటి పొడి. అరచేతిలో నల్ల రంగు కింద తెల్లటి పుట్టీ పెచ్చు, దానికంటుకుని రేకులు రేకులుగా తుప్పు.

"కొక్కెం ఉన్న జాగనే తుప్పు తిన్నది. పుట్టీ మెత్తి రంగేసిండు. కిలోమీటర్లకు నేను భయపడలేదు బంటీ. ఈ కొక్కేనికి నా మిల్లర్ కట్టుకుని వంతెన ఎక్కితే ఈసారి ఎవని కాలు?"

బంటీ నేల చూశాడు. తర్వాత బానెట్ చూశాడు. "అత్తా, పూజ అయిపోయింది కదా. పసుపు పడ్డ గాడీని వద్దంటే మైసమ్మకు కోపం రాదా? పేడాలు గూడ పంచినం."

అప్పుడే ఆమె నిమ్మకాయలను చూసింది. ఆ తర్వాత నన్ను. నా నోట్లో పేడా ఇంకా కరగలేదు.

"అన్నా," అంది, "నేను బండి కిందున్న. పైన పెండ్లి చేసినవా?"

ఇంకా చాలా అంది. ఇరవై ఆరేళ్ల టాక్సీ గురించి, ఇస్త్రీ చొక్కా గురించి, తల ఊపడం గురించి. పేడాలు తిన్నవాళ్లంతా విన్నారు. బంటీని తిట్టిన దానికన్నా నన్నే ఎక్కువ తిట్టింది. వాడు అమ్ముకునేవాడు, నువ్వు నావాడివి అన్నది ఆ తిట్ల సారం.

తిట్టడం అయ్యాక జాలీకి ఉన్న నిమ్మకాయలు విప్పింది. "మైసమ్మ నీ పుట్టీకి కావలి లేదు. నా మిల్లర్‌కు ఉన్నది" అని కొంగులో కట్టుకుంది. పది అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "బంటీ, శుక్రవారం ఐదున్నరకు చాల్ ముంగట ఉండు. బండి వద్దు. చేతులు తే."

మిల్లర్‌ను చేతులతోనే లాగుదాం, అందరినీ తీసుకుని రమ్మని ఆమె ఆ సాయంత్రమే మొగులయ్యకు కబురు పెట్టింది. శుక్రవారం తెల్లవారేసరికి ముఠా మొత్తం చాల్ ముందుకు వచ్చింది. నిమ్మకాయలు మిల్లర్‌కు ఎక్కాయి. పదకొండు మంది, బంటీ, భూదేవి కలిసి మిల్లర్‌ను చేతులతో లాగారు, తోశారు. వంతెన లేని దారి భూదేవే ఎంచుకుంది. ఫోరస్ రోడ్ దాటేటప్పుడు ఒక బస్సు హారన్ కొట్టింది. భూదేవి ఆ డ్రైవరును కూడా వదల్లేదు. నా పని మిల్లర్ వెనుక రాయి పట్టుకుని నడవడం, అది ఆగినప్పుడల్లా చక్రం కింద పెట్టడం. లైసెన్స్ అక్కర లేని పని అని ఆమే అప్పగించింది. ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

ఏడుకు పది నిమిషాలుండగా స్లాబు దగ్గరికి చేరాం. మొగులయ్య చెమట తుడుచుకుని, "అక్కా, నీ టెంపో మంచిగున్నది. చాయ్ అడుగుతది గంతే" అన్నాడు. కూలీలు నవ్వారు. భూదేవి నవ్వలేదు. "నవ్వును కంకర మాలులో కలుపుతరా? సిమెంటు సంచులు విప్పుండ్రి" అంది. దాదర్ మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం పోతూ పోతూ మొగులయ్య, వచ్చే స్లాబు ఎప్పుడని అడిగాడు.

నెల తర్వాత ఒక ఆదివారం నేను వాళ్లింట్లో బక్కయ్య చాయ్ తాగుతున్నాను. బంటీ గడప దగ్గరికి వచ్చాడు. నా వైపు చూడలేదు.

"అత్తా, వెనక ఛాసిస్ ముక్క మొత్తం కోసేసి కొత్తది వేయించిన. రంగు వెయ్యలేదు. వచ్చి కొట్టి చూడు."

నా తల ఊగబోయింది. పట్టుకున్నాను.

భూదేవి తాపీ తీసుకుని లేచింది, ముగ్గురం నాగ్‌పాడా గ్యారేజీకి వెళ్లాం. ఈసారి అరగంట బండి కిందే ఉంది. ఈ చివర నుంచి ఆ చివరదాకా అంగుళం వదలకుండా కొట్టింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, గోడకు ఆనుకుని, నోరు మూసుకుని విన్నాను. ఠంగ్ తప్ప వేరే చప్పుడు రాలేదు. ఆమె బయటికి వచ్చి చేతులు దులుపుకుంది.

"అన్నా, ఇప్పుడు కట్టు నిమ్మకాయలు."

నేను సంచి తడుముకున్నాను. ఆ బుధవారం తర్వాత నిమ్మకాయలు వెంట పెట్టుకు తిరగడం మానేశాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను.

మా చాల్‌కు అక్కడికి దూరమే. అయినా తలుపులన్నీ తెరుచుకున్నాయని తర్వాత బక్కయ్య అన్నాడు.