మొమెంట్ మాటా, మొదటి పెనం బెల్లమూ

నిజామాబాద్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది అని ఎవరైనా అడిగితే చాలు, నన్ను ఆపడం కష్టం. ఎవరైనా నన్ను పిలిస్తే మాత్రం "ఒక్క నిమిషం" అంటాను. ఇంట్లో నా అన్నం చల్లారేది, బస్టాండులో నా బస్సు వెళ్లిపోయేది ఆ ఒక్క నిమిషం వల్లే. దాన్ని నేనెప్పుడూ తప్పు కింద లెక్కపెట్టలేదు. ఈ చలికాలం లెక్కపెట్టాల్సి వచ్చింది.

అక్కది బోధన్ దగ్గర పల్లె. నిరుడు బోరు ఎండి ఆమె చెరుకు నిలువునా మాడిపోయింది. కొత్త బోరులో నీళ్లు పడిన రోజే, ఈసారి మొదటి పెనం బెల్లం కోతల పండుగకు దేవుడికిస్తానని మాటిచ్చింది. మా మెథడిస్టు ఇళ్లలో అది మామూలే. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి చర్చిలో ముందు పెడతారు.

బెల్లం వండే రోజు ఒక కూలీ రాలేదు. చెరుకురసం కాగే పెద్ద పెనం చెవుల్లో కర్రలు దూర్చి, అటిద్దరు, ఇటిద్దరు ఒకేసారి ఎత్తి పొయ్యి మీంచి దింపాలి. నాలుగో మనిషిగా నేనుంటానన్నాను. అక్క నవ్వింది.

"సుద్దముక్క తప్ప ఏం లేపినవ్ తమ్మీ నువ్వు?"

"సూడు, ఇయ్యాల పెనమే లేపుత."

"లేపుడు గొప్ప కాదు. నేను దింపుండ్రి అన్నప్పుడు లేపాలె. గంతే."

పాకం కొంచెం తీసి చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూడటం అక్క పని. ఉండ కట్టిందంటే పెనం ఇక పొయ్యి మీద ఉండకూడదు.

అప్పుడు ఫోను మోగింది. నా పాత విద్యార్థిని, ఇప్పుడు తానూ టీచరే. మొమెంట్ అనే మాటకు అసలు అర్థమేమిటి సార్ అని అడిగింది. ఇంకేం కావాలి! పక్కకు జరిగి మొదలుపెట్టాను. లాటిన్‌లో కదలిక అనే మాట నుంచి వచ్చిందమ్మా అన్నాను. త్రాసును ఒక వైపు ఒరిగించే చిన్న బరువునూ అలాగే అనేవారు. యూరప్‌లో యంత్ర గడియారాలు రాకముందు గంటలో నలభయ్యో వంతును మొమెంట్ అన్నారు, ఇప్పటి లెక్కలో నిమిషన్నర. కొలత పోయాక కొద్ది సేపు అనే అర్థం మిగిలింది...

"దింపుండ్రి!"

నేను అక్క వైపు చెయ్యెత్తి, "ఒక్క నిమిషం" అన్నాను.

"నిమిషం లేదు, రా!"

మిగతా ముగ్గురూ కర్రలు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. నేను వాక్యం పూర్తి చేసి వెళ్లాను. పెనం ఎత్తేసరికి మాడు వాసన. అచ్చుల్లో పోస్తే బెల్లం నల్లగా దిగింది.

అక్క తిట్టలేదు. అదే నాకు కష్టమైంది.

"రెండో పెనం మంచిగొస్తది అక్కా. చర్చికి అది ఇద్దాం."

"మంచిది ఇస్త అనలే నేను. మొదటిది ఇస్త అన్న. మొదటిది గిదే. నువ్వే మోస్కరా."

ఫోను అక్క సంచిలో వేసి కర్ర దగ్గరే నిలబడ్డాను. రెండో పెనం బంగారు రంగులో దిగింది. దాని మీద ఎవరికీ మాటివ్వలేదు.

ఆదివారం చర్చిలో వడ్ల సంచులు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయల వరసలో నా చేతిలో నల్లటి అచ్చు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు.

"సారూ, గిదేంది? బొగ్గు తెచ్చినవా?"

నలుగురు నవ్వారు. పొయ్యి మంట ఎక్కువైందని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కనే అక్క ఉంది.

"బెల్లమే బాపూ. అక్క పిలిస్తే పోలే. ఫోన్ల మాట్లాడుకుంట నిలబడ్డ. నేనే మాడగొట్టిన."

"గంత అర్జంటు ముచ్చటేందో?"

"కొద్దిసేపు అంటే ఎంతసేపో చెప్తున్న."

ఈసారి అక్క కూడా నవ్వింది. "నడువు తమ్మీ, ఎనక మంది ఉన్నరు" అని వీపు మీద తట్టింది. వెళ్లి, నల్లటి అచ్చును పసుపు కొమ్ముల పక్కన అందరికీ కనబడేలా పెట్టాను.

వచ్చే ఏడూ పెనం దగ్గర ఆ కర్ర నాదేనని బయటికొచ్చాక అక్కతో అన్నాను.

"నీదే" అంది. "ఫోను ఇంట్ల పెట్టి రా."