ఉప్పునీళ్ళలో నా రక్తం, ఆ పిల్ల రక్తం

పోయిన వారం షుగరు పరీక్ష కోసం అమీర్‌పేటలో మెట్రో దిగి, మెట్ల పక్కనే కొత్తగా తెరిచిన ల్యాబులోకి వెళ్ళాను. రక్తం తీస్తున్న అమ్మాయిని, ఊరికే ఉండలేక, మీరు ఇంకా ఉప్పునీళ్ళ గొట్టాల పరీక్ష చేస్తున్నారా అని అడిగితే, ఆ అమ్మాయి దూదిని నా మోచేతి మడతలో అదిమిపెడుతూ, అలాంటివి ఏవైనా వస్తే బయట పెద్ద ల్యాబుకు పంపిస్తామని చెప్పింది. నేను తిరిగి ఖైరతాబాద్ చేరేలోపే రిపోర్టు ఫోనులోకి వచ్చేసింది. దాన్ని తెరిచి చూడాలనిపించలేదు. మనసు ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయింది, అదే అమీర్‌పేటలో ఒక మేడమీది రెండు గదుల దగ్గరికి.

మీలో నా వయసు వాళ్ళకు అప్పటి అమీర్‌పేట గుర్తుండే ఉంటుంది. కంప్యూటరు కోర్సుల బోర్డులు అప్పుడప్పుడే ఒకటీ అరా లేస్తున్నాయి. మేం యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాళ్ళం. మా నాన్న మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ల్యాబు టెక్నీషియను కోర్సు పూర్తయిన నెలకే ఆ మేడమీది ల్యాబులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. అక్కడ నాకు పని నేర్పిన పై ఉద్యోగి గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన. నన్ను అమ్మాయ్ అని పిలిచేవాడు, పరీక్షకు వచ్చినవాళ్ళు ఎంత బీదవాళ్ళైనా అండీ అనకుండా మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు, పంజాగుట్టలో ఒక డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఒక తండ్రి, పదకొండేళ్ళ కూతురు, నానమ్మ మెట్లెక్కి వచ్చారు. తండ్రి ఎక్కడో మోటారు పంపులు బాగుచేసే పనిలో ఉన్నాడు. పిల్ల కళ్ళు పసుపు రాసినట్టున్నాయి. కూర్చోమంటే నాన్నకు, నానమ్మకు దూరంగా, బెంచీ చివర సర్దుకుని కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చోవడం నాకు వింతగా అనిపించి అడిగితే, నానమ్మే చెప్పింది. ఏడాదిగా కామెర్లు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయట. ఇంట్లో నెలల పసివాడున్నాడు, వాడికి అంటుకుంటుందేమోనన్న భయంతో ఈ పిల్లకు కంచం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. నూనె లేదు, కారం లేదు. బడి కూడా మాన్పించారు. నానమ్మ కఠినురాలేమీ కాదు, చెబుతున్నంతసేపూ కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉంది.

డాక్టరు అనుమానం మాత్రం వేరు. కామెర్లు కాలేయం నుంచి కాక, రక్తకణాలు తొందరగా చితికిపోవడం వల్ల వస్తున్నాయేమోనని ఆయన రాసిన పరీక్ష నేను అంతకుముందు ఎన్నడూ చేసింది కాదు. పన్నెండు గాజు గొట్టాల్లో ఉప్పునీళ్ళు పోయాలి, మొదటిదాంట్లో ఉప్పు మన రక్తంలో ఉన్నంత, ఆ తర్వాత ఒక్కోదాంట్లో కొంచెం కొంచెం తగ్గుతూ చివరిదాంట్లో దాదాపు మంచినీళ్ళే. ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క రక్తం వేసి, ఏ గొట్టం దగ్గర కణాలు పగులుతాయో చూడాలి. పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంతో ఇంకో పన్నెండు గొట్టాలు కావాలంటే నేనే చెయ్యి చాపాను.

గొట్టాలు కదలకుండా ఉంచిన ఆ అరగంటలో పెద్దాయన నాకు కణం చుట్టూ ఉండే పొర గురించి చెప్పాడు. పుస్తకంలో కణత్వచం అని చదివి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నదాన్నే కానీ అది నాకు అర్థమైంది ఆ రోజే. ఆ పొర రెండు వరసల కొవ్వు, నీళ్ళంటే ఇష్టమున్న తలలు కణం బయటివైపుకీ లోపలివైపుకీ, నీళ్ళు గిట్టని తోకలు మధ్యకూ తిరిగి ఉంటాయి. ఉప్పు దాన్ని దాటాలంటే మధ్యమధ్య ఉన్న ప్రొటీను వాకిళ్ళే దిక్కు, అవి దేన్ని పడితే దాన్ని రానివ్వవు. నీళ్ళు మాత్రం సులువుగా దాటుతాయి, ఉప్పు ఎటు చిక్కగా ఉంటే అటు పరుగెడతాయి. అందుకే పలచటి ఉప్పునీళ్ళలో పడిన కణంలోకి నీళ్ళు చేరి అది ఉబ్బుతుంది. మామూలు ఎర్రకణం రెండువైపులా నొక్కిన బిళ్ళలా ఉంటుంది కనుక ఉబ్బడానికి చోటుంటుంది. పొర కింద దాన్ని పట్టి ఉంచే ప్రొటీను అల్లిక పుట్టుకతోనే సరిగా లేనివాళ్ళకు కణం గోళీలా గుండ్రంగా తయారవుతుంది, ఇంక ఉబ్బే చోటుండదు, తొందరగా పగులుతుంది. ఒంట్లో కూడా అటువంటి కణాలను పొట్టలో ఎడమవైపుండే ప్లీహం పట్టుకుని చిదిమేస్తూ ఉంటుంది, ఆ చితికిన రక్తం నుంచే కళ్ళకు పచ్చదనం వస్తుంది.

గొట్టాలను మిషనులో తిప్పి వరసగా పెట్టాను. పిల్ల ఎప్పుడు బెంచీ దిగి వచ్చిందో, నా పక్కనే నిలబడి ఉంది. ఐదో గొట్టంలో నా కణాలు అడుగున ఎర్రటి చుక్కలా కుదురుగా ఉన్నాయి, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. తన ఐదో గొట్టం నిండా ఎర్ర నీళ్ళే. ఆ రెండింటినీ మార్చి మార్చి చూసి, తనది పాడైపోయిందా అక్కా అని మెల్లగా అడిగింది.

పెద్దాయన, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా కళ్ళు పచ్చబడేవా అని అడిగాడు. తండ్రి తల అడ్డంగా ఊపాడు కానీ నానమ్మ కొడుకు వైపు చూసింది.

"వీనికి సుత చిన్నప్పుడు గిట్లనే అయితుండె సార్. పసరు పోయిస్తే నిమ్మళమైంది."

దాంతో తండ్రి రక్తం కూడా తీసి, నేను మళ్ళీ ఉప్పు తూచి, మళ్ళీ పన్నెండు గొట్టాలు పోశాను. మధ్యాహ్నం రెండయ్యింది, ఎవరూ భోజనానికి లేవలేదు. మిషను ఆగాక ఐదో గొట్టం వెలుతురుకు పెట్టి చూస్తే, నిండా ఎర్ర నీళ్ళే.

తండ్రి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ గొట్టం వైపు ముందుకు వంగాడు. తర్వాత, "నా నుంచి వచ్చిందా సార్ దీనికి?" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. పెద్దాయన జవాబు చెప్పేలోపే పిల్ల తనదీ నాన్నదీ రెండు గొట్టాలూ దగ్గర పెట్టుకుని చూసి, "గట్లయితే నేను మా నాన్న లెక్కనే!" అంది. ఏడాదిలో తనకు దొరికిన మొదటి మంచి మాట అదేనేమో, ముఖమంతా వెలిగిపోయింది. తండ్రి దాన్ని దగ్గరికి లాక్కుని, మాకు కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నానమ్మ మాత్రం ఒకే ప్రశ్న పట్టుకుంది. "మరి అంటుకోదా సార్?"

"అంటుకోదండీ. మీ పక్కన పడుకున్నా, మీ కంచంలో తిన్నా అంటుకోదు. మిగతావన్నీ డాక్టరుగారు చెబుతారు."

ఆమె చటుక్కున లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాం. కాసేపటికి నూనె ఓడుతున్న కాగితం పొట్లంతో ఆయాసపడుతూ పైకి వచ్చింది, కింద బండి దగ్గర కొన్న వేడివేడి మిర్చి బజ్జీలు. తినొచ్చా అన్నట్టు పిల్ల పెద్దాయన వైపు చూసింది, ఆయన నవ్వి తల ఊపాడు. పిల్ల సగం కొరికి, ఏడాదిగా కారం ఎరగని నోరు కదా, హా హా అంటూ చేతులు విసురుకుంది. మిగిలిన సగం నానమ్మ దాని చేతిలోంచి తీసుకుని, అందరి ముందూ నోట్లో వేసుకుంది.

"గింత కారం పెట్టిండేంది వాడు," అని కళ్ళు తుడుచుకుంది.

కొన్ని నెలల తర్వాత ఆ తండ్రి ఒకసారి వచ్చాడు. మాత్రలు వాడుతున్నారని, ప్లీహం ఆపరేషను కావాలా వద్దా అన్నది ఇంకొన్నేళ్ళు ఆగి చూద్దామన్నారని, పిల్ల బడికి పోతోందని, రాత్రి నానమ్మ పక్కలోనే పడుకుంటోందని చెప్పి వెళ్ళాడు. తర్వాత వాళ్ళ సంగతి నాకు తెలియలేదు. ఆ ల్యాబూ మూతబడింది, పెద్దాయనా లేడు.

ఇప్పటి పరీక్షలు మెరుగైనవే, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. నేను మూడు గంటలు తంటాలు పడి తేల్చినదానికంటే మిషను ఎక్కువే చెబుతుంది. కాకపోతే, ఒక మనిషి రక్తం గొట్టాల్లో కుదురుకునేదాకా ఆ మనిషి కూడా మన ఎదురుగా కూర్చుని, ఇంటి సంగతులు చెబుతూ, మనతోపాటు ఎదురుచూసే రోజులు పోయాయి. ఆ ఎదురుచూపులో ఎందరో నాకు దగ్గరయ్యారు. ఇప్పుడు ఎవరికీ అంత సేపు కూర్చునే పని లేదు.