ఊడని ముడి, పాకని క్యాన్సర్

ఇప్పుడు చెప్పబోయేది ఘోర ప్రమాదం. ఇందులో ఐదుగురు నేలకూలారు, ఒక బెంచీ విరిగింది, నా పరువైతే ఇప్పటికీ దొరకలేదు. గుండె దిటవు లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

అప్పుడు నాది పసితనం. యాభై ఎనిమిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెడికల్ కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పేవాణ్ణి. తెనాలి నుంచి వచ్చినవాణ్ణి కదా, నన్ను మించి పాఠం చెప్పేవాడు మూసీకి అటూ ఇటూ లేడని నా నమ్మకం. అంతలో చేరాడు నర్సింహ. పోచంపల్లి నేతవాళ్లింటి కుర్రాడు, ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. నా పిల్లలు ఆవలించే వేళకు సరిగ్గా పక్కగదిలో చప్పట్లు మోగేవి. ఆ మోత వింటుంటే పుట్టిన కడుపుమంట మీద నాలుగు వాయిల గారెలు వేయించవచ్చు.

ఎల్బీనగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తూ డైరెక్టరుగారు మా ఇద్దర్నీ పిలిచారు.

"ఇద్దరూ ఒకే పాఠం చెప్పండి మాస్టారూ. చర్మకణాల మధ్య అతుకులు, చర్మ క్యాన్సర్ పాకే తీరు. ఎవరిది బాగుంటే వాళ్లే అక్కడ హెడ్."

హెడ్! ఆ సాయంత్రమే ఇంటికి మిఠాయి పట్టుకుపోయి, హెడ్డు అయిపోయానని మా ఆవిడకు చెప్పేశాను.

మొదటి వంతు నర్సింహది. నేను కిటికీకి బల్లిలా అతుక్కున్నాను. నలుగురు పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, తన నడుముకూ వాళ్ల నడుములకూ నూలుతాళ్లు కట్టాడు.

"నేను చర్మంల రంగు చేసే కణాన్ని. గీ తాళ్లు క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్. ఇవి ఉన్నన్ని దినాలు పక్కోళ్లను పట్టుకొని బుద్ధిగుంట. ఇవి ఊడినయనుకోండ్రి..."

ఒక్క గుంజు గుంజాడు. ముడులన్నీ జారిపోయాయి. తలుపు దాకా ఉరికి అరిచాడు: "గిప్పుడు నేను మెలనోమాను! రక్తంల పడ్డ, ఊపిరితిత్తులకు పోతున్న!"

చప్పట్లు. నా చెవుల్లో సీసం.

బయటికొస్తూ నన్ను చూశాడు. "సార్, అది జారుముడి. జర చూపిస్త, రాండ్రి."

"నాకు తెలియని ముడా నాయనా! మూడు గేదెల్ని కట్టిన చెయ్యి ఇది."

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఈ నక్క ఏకంగా తాడే కట్టుకుంది. అతను నూలు వాడాడా, నేను నైలాన్ కొన్నాను. అతను ఒక ముడి వేశాడా, నేను మూడేశాను.

మర్నాడు నా వంతు. డైరెక్టరుగారు ముందు బెంచీలో కూర్చున్నారు. నలుగురు పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, నా నడుముకు బిగించి కట్టేశాను.

"సార్, ఊపిరాడతలేదు!" అన్నాడొకడు.

"కణాలు మాట్లాడవురా!" అని గద్దించి, ప్రేక్షకుల వైపు తిరిగాను. "చూడండి, పట్టు సడలింది, విడిపోతున్నాను!"

గుంజాను. సడలలేదు. రెండోసారి గుంజితే నలుగురూ నా మీదికొచ్చారు. పంతం పట్టి తలుపు వైపు దూకాను. ఐదుగురం ఒకే మూటగా కట్టగట్టుకుని ఖాళీ బెంచీ మీద పడ్డాం.

"మాస్టారూ, మీ క్యాన్సర్ చర్మాన్నంతా వెంటేసుకుని పోతోందేంటండీ?" అన్నారు డైరెక్టరుగారు.

హాలు గొల్లుమంది. చప్పుడుకు నర్సింహ పరుగెత్తుకొచ్చాడు. "కదలకుండ్రి సార్. చిక్కులు తీసుడు మా ఇంట్ల రోజూ పనే." మోకాళ్ల మీద కూర్చుని ముడి తర్వాత ముడి విప్పాడు.

డైరెక్టరుగారి తీర్పు చెప్పనక్కర్లేదు. కానీ నర్సింహ ఊరుకోలేదు. "సార్ పాఠం గూడ మంచిగున్నది. ముడి ఊడకుంటే రోగం గడప దాటదని పిల్లలు జన్మల మర్వరు."

ఓడించినా భరించేవాణ్ణి. మెచ్చుకున్నాడు, చూశారా దుర్మార్గుడు!

ఇక నిజాలు. బెంచీ విరగలేదు, ఊగిందంతే. మూడు గేదెలన్నానే, మాకున్నది ఒకటే. దాన్నీ మా అమ్మే కట్టేది.

పరీక్ష రాసొచ్చిన పిల్లల్ని అడిగాను. "మెలనోమా ప్రశ్న వచ్చిందట, ఎలా రాశార్రా?"

"ఈజీ సార్. మిమ్మల్ని యాద్ చేస్కొని, దానికి ఉల్టా పెట్టినం."

అందుచేత మా ఆవిడ సాక్షిగా, నన్ను దెప్పడానికి ఆమె దాచుకున్న ఆ నైలాన్ తాడు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరెవరి పాఠం చూసీ అసూయపడను. ఒకవేళ పడినా, ముందు ముడి నేర్చుకుని మరీ పడతాను.